మున్షీ రాసిన మూడో వాటా

ఇన్‌కంటాక్సు కాగితాలు రాయించుకోవడానికి ఎవరొచ్చినా మా బావ మార్కండేయ మొదట దుకాణం సంగతి అడిగేవాడు కాదు. "ఇంట్ల ఎంతమంది తింటరు?" అనేవాడు. వచ్చిన మనిషి బిక్కమొహం వేసేవాడు. లాభం అడుగుతాడు, నష్టం అడుగుతాడు అని దారి పొడుగునా అబద్ధాలు కూడబెట్టుకొని వస్తే, ఈయన నెలకు నెయ్యి ఎంత పడుతుంది, పండక్కి కొత్తబట్టలు ఎవరెవరికి తెచ్చావు అని మొదలుపెడతాడు. వాటికి అబద్ధాలు సిద్ధంగా ఉండవు కాబట్టి నిజమే బయటికొచ్చేది.

ఒకసారి చందూర్ నుంచి ఒక బట్టల వ్యాపారి వచ్చాడు. ఏడాదంతా నష్టమే అని ముఖం వేలాడేశాడు. బావ తల ఊపి, "బిడ్డ పెండ్లి జబర్దస్తుగ చేసినవట గద సేటు?" అన్నాడు. ఆ మనిషి పొంగిపోయి బ్యాండు ఎక్కడి నుంచి తెప్పించాడో, మిఠాయిలు ఎన్ని రకాలు పెట్టించాడో వరసపెట్టి చెప్పాడు. బావ అంతా ఓపిగ్గా విని, "గిసువంటి నష్టం నాకు గూడ ఒక్కపారి వస్తే బాగుండు," అన్నాడు. వసారాలో బీడీలు చేస్తున్న నాకూ మా అక్కకూ నవ్వు ఆగక చాటల్లోని ఆకులు కిందపడ్డాయి. సేటు అసలు లెక్క తీశాడు.

నేను ప్రమీలను. బావ భార్య శ్యామలమ్మ మా అక్క. మా ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పని చేసేవాడు. చెరుకు ఆడే నెలల్లో నలుగురైదుగురు మగవాళ్ళతో కలిసి ఒక గదిలో పడి ఉండేవాడు. ఆ నెలలు నేను నిజామాబాద్‌లో అక్క ఇంట్లో ఉండి బీడీలు చేసుకునేదాన్ని. బావ రాతబల్ల కూడా ఆ వసారాలోనే, మాకు నాలుగడుగుల దూరంలో. ఊళ్ళోవాళ్ళ గుట్లన్నీ మా చెవిన పడేవి. అక్క విననట్టే ఉండేది. నాకు అది చేతకాదు.

"నేను గూడ సంపాదిస్తున్న గద బావా, నా మీద పన్ను పడదా?" అని అడిగితే, "నీ సంపాదన మీద పడదు. నీ నోటి మీద వేస్తే మాత్రం సర్కారు ఖజానా నిండుతది," అనేవాడు. మరదల్ని కదా, ఊరుకోను. "నీ నడుం మీద వేస్తే?" అనేదాన్ని. బల్ల ముందు కూర్చుని కూర్చుని ఆయన నడుం అప్పటికే మందమైంది.

బావ పెద్ద చదువులేమీ చదవలేదు. నిజాం కాలంలో ఒక వకీలు దగ్గర ఉర్దూ మున్షీగా చేరాడు. కాలం మారి ఆఫీసుల్లో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. వకీలు హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఈయన మొండిపట్టు పట్టి పన్నుల కాగితాలకు సరిపడా ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఆ భాషలో ఎవరైనా పలకరిస్తే నీళ్ళు నమిలేవాడు కానీ ఫారం నింపడంలో మాత్రం తడబడేవాడు కాదు. ఎన్నాళ్ళైనా జనానికి ఆయన మున్షీసాబే.

పన్ను గురించి ఆయనకు ఒక పిచ్చి నమ్మకం ఉండేది. మనిషి ఎంత సంపాదించాడో అడిగే హక్కు సర్కారుకు ఉన్నప్పుడు, ఆ సంపాదనతో ఇంట్లో ఎవరు ఏం తింటున్నారో కూడా ఎవరో ఒకరు అడగాలి కదా అనేవాడు. "ఫారంల గా అడుగుడు లేదు. గందుకే నేను నోటితోని అడుగుత," అనేవాడు. అడిగినందుకు తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. నీకెందుకయ్యా మా వంటింటి సంగతి అని లేచిపోయినవాళ్ళూ ఉన్నారు.

ఈ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. బావ తల్లి, ముగ్గురు కొడుకులు వేరుపడ్డాక, చేతిసంచి పట్టుకొని వంతులవారీగా మూడిళ్ళూ తిరిగింది. ఎవరూ ఆమె కడుపు మాడ్చలేదు. కానీ ఫలానాది తినాలని ఉంది అని ఏ ఇంట్లోనూ అనలేదు. వడ్డించింది తిని, వంతు అయిపోగానే సంచి తీసుకొని లేచేది. ఆమె పోయాక బావ ఆ సంచిని చాలా రోజులు కొయ్యకే వేలాడదీసి ఉంచాడు. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అరవై ఏడులో, చెరుకు బండ్లు బోధన్ రోడ్డు నిండా సాగుతున్న రోజుల్లో, ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. పెద్దవాడు హన్మాండ్లు, చిన్నవాడు లింగం. వాళ్ళది ఎడపల్లి రైతు కుటుంబం. వాళ్ళ బాపు రాజారాం ఊళ్ళో భూములు కౌలుకిచ్చి, నిజామాబాద్ గంజ్ మార్కెట్లో ఆడత్ దుకాణం పెట్టాడు. రైతులు తెచ్చిన బెల్లం, పసుపు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారం. ఆయన అరవై ఒకటిలో పోయాడు. తల్లి నాగవ్వ ఉంది. కొడుకులిద్దరూ కలిసే ఉంటున్నారు.

"మున్షీసాబ్, గంజ్‌ల అందరు వేరుపడ్డట్టు రాయించుకుంటున్నరు," అన్నాడు హన్మాండ్లు. "అంతా ఒక్క ఇంటి పేరు మీదుంటే పన్ను ఎక్కువ పడుతున్నది. మమ్ముల గూడ వేరు చేయిండ్రి. ఉత్తగ, కాయితం మీద."

"ఉత్తగ వేరుపడుడు చట్టంల లేదు," అన్నాడు బావ. "ఆస్తి నిజంగ పంచుకోవాలె. లెక్కలు వేరు గావాలె. పంచుకున్నంక కలిసి తింటరా, ఇడిగ తింటరా మీ ఇష్టం. గట్లయితెనే నేను రాస్త."

సరేనన్నారు. బావ కలం తీసి, అలవాటు ప్రకారం ఇంట్లో తినేవాళ్ళ పేర్లు రాసుకున్నాడు. హన్మాండ్లు, అతని భార్య వసంతమ్మ, లింగం, అతని భార్య రేణుకమ్మ, పిల్లలు. చివరికి తల్లి సంగతికి వచ్చి, "మరి అవ్వకేం రాద్దాం?" అన్నాడు.

లింగం నవ్వాడు. "అవ్వకు హిస్సా ఏంది మున్షీసాబ్? మా తాన తింటది."

"ఎవలి తాన?"

"నా తాన," అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అని, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

బావ కలం బల్ల మీద పెట్టాడు. "యాభై ఆరుల కొత్త చట్టం వచ్చింది. మీ బాపు దాని తర్వాత పోయిండు. అవ్వకు హిస్సా ఉన్నది. గది లేకుండ రాయమంటే ఇంకో మున్షీని సూసుకోండ్రి."

అన్నదమ్ములు కాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత హన్మాండ్లు, "రెండుకు బదులు మూడు హిస్సలైతే పన్ను ఇంక తగ్గుతదా?" అని అడిగాడు. తగ్గుతుందని బావ చెప్పగానే ఇద్దరి ముఖాలూ వెలిగాయి. నాకు ఒళ్ళు మండింది. తల్లికి వాటా అంటే నవ్విన మనుషులు పన్ను తగ్గుతుందనేసరికి గంగిరెద్దుల్లా తలలూపారు. "అవ్వ గూడ ఇప్పుడు పనికొచ్చింది," అని పైకే అన్నాను. అక్క మోచేత్తో పొడిచింది.

దుకాణం, ఊళ్ళో భూములు చెరిసగం. ఇంటి ముందు భాగం అన్నకు, పక్క భాగం తమ్ముడికి. వెనక రెండు గదులు, పెరడు, గంజ్‌లో అద్దెకిచ్చిన చిన్న గోదాము నాగవ్వకు. అలా రాశాడు బావ.

ఆడవాళ్ళకు చదివి వినిపించే పని ఉంటే బావ అక్కను వెంట తీసుకెళ్ళేవాడు. పిలవకపోయినా నేనూ వెళ్ళేదాన్ని. నాగవ్వ సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది. కాగితమంతా విని, తన వాటా ఒక్కటి మళ్ళీ చదవమంది.

"గోదాం కిరాయి నా చేతికే వస్తదా?"

"నీ చేతికే అవ్వా."

"గా రెండర్రలకెల్లి నన్ను లెవ్వుమని ఎవ్వలన్న అనొచ్చా?"

"అనరాదు."

"మంచిది," అని వేలిముద్ర వేసింది. ఇంకేమీ అడగలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అన్నదమ్ములకు గంజ్‌లో ఎవరో నూరిపోశారు. ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చి వంటింట్లో ఒక్కటే పొయ్యి చూశాడంటే ఈ పంపకం దొంగదని కొట్టేస్తాడట. బావ ఆ అవసరం లేదని చెప్పినా వినలేదు. లింగం వాటాలో ఒక మట్టిపొయ్యి వేయించారు. నాలుగు చితుకులు వెలిగించి కాస్త మసి పట్టిస్తే చాలు, వాడినట్టు కనిపిస్తుందన్నాడు లింగం.

నాగవ్వ ఊరుకోలేదు. "కొత్త పొయ్యి మీద పాలు పొంగియ్యకుంట మంట వెడ్తరా? ఇల్లు మంచిగుంటదా?" అని కేకలేసింది. పొయ్యి అలికించి, పసుపు కుంకుమ పెట్టించి, చిన్నకోడలు రేణుకమ్మ చేత పాలు పొంగించింది. దొంగ పొయ్యి పెట్టాలనుకున్నారు కానీ, దానికి మొక్కకుండా ఉండటం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాలేదు.

మా వైపు అన్నదమ్ముల ఇంట్లో కొత్త పొయ్యి మీద పాలు పొంగాయంటే వేరుపడ్డట్టే. ఏ మున్షీ రాయనక్కర్లేదు. మర్నాడు పక్కింటి పెళ్ళి పిలుపుకు వచ్చిన ఆడవాళ్ళు రెండు గడపల దగ్గర రెండుసార్లు బొట్టుపెట్టి పిలిచారు. ఎడపల్లి నుంచి వచ్చిన చుట్టాలు ఎవరింట్లో దిగాలో తెలియక వాకిట్లో నిలబడ్డారు. రేణుకమ్మ ఆ పొయ్యి మీద ఒకరోజు చాయ్ పెట్టుకుంది. ఇంకోరోజు పిల్లలకు ఉప్మా చేసింది. వారం తిరిగేసరికి పూర్తి వంటే సాగించింది. ఆమెను నేను తప్పుపట్టను. తన కూరలో కారం ఎంతో తాను వేసుకోవడం ఏ ఆడదానికి చేదు? కానీ వసంతమ్మ, ఇన్నేళ్ళు నా చేతి కూడు తిన్నవాళ్ళకు ఇప్పుడు నా వంట రుచించలేదా అని మూతి బిగించింది. పిల్లలకు కూడా నీ ఇల్లు, నా ఇల్లు అనే మాటలు వచ్చేశాయి.

మధ్యలో నలిగింది నాగవ్వ. పొద్దున పెద్దకోడలి దగ్గర తింటే సాయంత్రం చిన్నకోడలు కూర గిన్నె చప్పుడయ్యేలా దించేది. చిన్నకోడలి దగ్గర తింటే పెద్దకోడలు, నా చేతిది సప్పగుంటదేమో అత్తమ్మకు అనేది. చివరికి ఆమె ఇద్దరి దగ్గరా, ఆకలైతలేదు బిడ్డా అనడం నేర్చుకుంది. రెండు పొయ్యిలున్న ఇంట్లో ముసలమ్మ అటుకులు నానబెట్టుకొని తింటోందని వాళ్ళ పనిమనిషి మా అక్కకు చెప్పింది.

ఆ రోజు బావ అన్నం ముద్ద కలిపి అలాగే కూర్చుండిపోయాడు. "మా అవ్వ లెక్కనే తిరుగుతది శ్యామలా గామె గూడ," అన్నాడు.

"నువ్వు రాసింది పంపకం బావా. పొయ్యి వాళ్ళు వెట్టుకున్నరు," అన్నాను నేను. ఆయన విననే లేదు. కంచంలో చెయ్యి కడిగేశాడు.

ఇన్‌స్పెక్టర్ ఫలానా రోజు వస్తాడని కబురొచ్చింది. ఆ మరుసటి పొద్దున హన్మాండ్లు ఒక్కడే వచ్చాడు. "నేను పెద్దకొడుకును మున్షీసాబ్. ఇన్‌స్పెక్టర్ అడిగితే అవ్వ నా తాన తింటనని సెప్పాలె. లేకుంటే గంజ్‌ల తలెత్తుకోలేను." సాయంత్రం లింగం ఒక్కడే వచ్చాడు. "చిన్నప్పటి సంది అవ్వకు నేనంటేనే పానం. నా పేరు సెప్పకుంటే నా పెండ్లాం పుట్టింటోళ్ళు నన్ను ఏమనుకుంటరు?"

బావ ఇద్దరికీ ఒకటే చెప్పాడు. "అవ్వ నోట్లకెల్లి ఏదొస్తే గదే. నేను నేర్పియ్య."

కానీ ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆమె ఒక కొడుకు పేరు చెబితే రెండో కొడుకు గడప ఆమెకు మూసుకుపోతుంది. ఇద్దరి పేర్లూ చెబితే, చట్టం ఏమన్నా సరే, ఇంకా కలిసే ఉన్నారని ఇన్‌స్పెక్టర్ అనుమానపడొచ్చు, పన్ను వెనకటిలాగే పడితే ఆ నింద మళ్ళీ ఆమె మీదికే వస్తుంది. ఎటు చూసినా ముసలమ్మకే దెబ్బ. బావ రెండు రోజులు ఎవరి కాగితాలూ ముట్టుకోలేదు. అంతకుముందెప్పుడూ నేనాయన్ని అలా చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు. ముందు భాగం చూశాడు, పక్క భాగం చూశాడు. పొయ్యిలు రెండూ చూసి పెద్దగా పట్టించుకోలేదు. ఆస్తి కాగితాలే శ్రద్ధగా చదివాడు. ఆ తర్వాత అరుగు మీద కూర్చున్న నాగవ్వ వైపు తిరిగాడు. నేనూ అక్కా ఆమె పక్కనే ఉన్నాం. కోడళ్ళిద్దరూ చెరో తలుపు వెనక నిలబడ్డారు. కొడుకులిద్దరూ ఆమె నోటి వైపే చూశారు.

"అమ్మా, మీ భోజనం ఎవరి దగ్గర?" అని అడిగాడు.

నాగవ్వ బావను వేలితో చూపించి, "గీ మున్షీ నాకు హిస్సా ఉన్నదని రాసిండు సారూ. గది నిజమేనా?" అని ఎదురడిగింది.

"నిజమేనమ్మా. వెనక రెండు గదులు, పెరడు, గోదాము మీవే."

"నేను పోయినంక సంగతి అడుగుతలేను. ఇయ్యాల నాయేనా?"

"ఇవాళ మీవే."

"గట్లయితే రాసుకో సారూ. నేను ఎవ్వలి తాన తిన. నా అర్రల నేను వండుకుంట."

లింగం ఒక్క అడుగు ముందుకేశాడు. "ఏం మాట్లాడుతున్నవే అవ్వా?" అన్నాడు. హన్మాండ్లు భారీ మనిషి. అతని కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారాయి. "మమ్ముల ఇడిసిపెడ్తవా?" అన్నాడు చివరికి.

"నేనేడ ఇడిసిన కొడుకా? వేరుపడ్డది మీరు. నేను నా ఇంట్లనే ఉన్న."

అని లేచి వెనక్కి నడిచింది. పెరట్లో మూడు ఇటుకలు తనే తెచ్చి పెట్టుకుంది. అక్కను చెంబెడు పాలు తెమ్మంది, నన్ను పుల్లలు తెమ్మంది. ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోవచ్చు కానీ వెళ్ళలేదు, టోపీ చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. పాలు పొంగాయి. నాగవ్వ దండం పెట్టుకుంది. వసంతమ్మ, రేణుకమ్మ తలుపుల వెనక నుంచి వచ్చి, అలవాటు కొద్దీ ఇద్దరూ ఒకేసారి అత్త కాళ్ళకు మొక్కారు. బావ గోడ వైపు తిరిగి అదేపనిగా కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

పంపకం నిజమేనని ఆఫీసు ఒప్పుకుంది. పన్ను తగ్గింది. ఆ తర్వాత బావ ఎన్నో పంపకాలు రాశాడు. ఏ పంపకమైనా సరే, ఇంట్లో ముసలి తల్లి ఉంటే ఆమెకు ఒక గది, చేతికందే ఆదాయం ఏదైనా రాయనిదే కలం కదిలేది కాదు. ఈ మున్షీతో వేగలేమని గంజ్‌లో కొందరు వేరేవాళ్ళను వెతుక్కున్నారు. ఇంటికొచ్చే రాబడి తగ్గింది. ఇల్లు అక్క బీడీల మీదే గడిచింది. ఆమె ఒక్కనాడూ సణగలేదు. ఈ సంగతి చెప్పకుండా బావను పొగిడితే అది అన్యాయం.

ఆ వచ్చిన వానాకాలంలో, నేను అక్కను చూసిపోదామని వచ్చి ఉన్నప్పుడే, అన్నదమ్ములు మళ్ళీ వచ్చారు. ఈసారి ఇద్దరూ కలిసే వచ్చారు. పన్ను తగ్గింది కానీ ఇంట్లో మనసు నిలవడం లేదట. మధ్యాహ్నమైతే ఇద్దరి కాళ్ళూ తల్లి గదుల వైపే లాగుతున్నాయట. "మాకు బుద్ధొచ్చింది మున్షీసాబ్. అందరం కలిసినట్టు మళ్ళ రాయిండ్రి. పన్ను ఎంతైన పడనీ," అన్నాడు హన్మాండ్లు.

బావ ముఖం విప్పారింది. "మీరిద్దరు కలుసుడు మీ చేతులనే ఉన్నది. అవ్వ హిస్సా కలపాలంటే అవ్వ వేలిముద్ర గావాలె," అన్నాడు. కాగితం రాసి, సిరాడబ్బా పట్టుకొని మమ్మల్ని వెంటబెట్టుకొని బయల్దేరాడు.

మేం వెళ్ళేసరికి నాగవ్వ పొయ్యి ముందు ఉంది. ఇటుకలు పోయి చక్కటి మట్టిపొయ్యి వచ్చింది. జొన్నరొట్టెలు చేస్తోంది. పక్కన ఎర్రటి వెల్లుల్లి కారం. మనిషి కాస్త ఒళ్ళు చేసింది కూడా. కొడుకులు చెప్పిందంతా విని, రొట్టె తిరగేసి, సంతోషంగానే నవ్వింది.

"మీరు కలవుండ్రి కొడుకా. నాకు గంతకంటె ఏం గావాలె? నన్ను మాత్రం కలపకుండ్రి."

"ఎందుకే అవ్వా?" అన్నాడు లింగం. "గిప్పుడు నిన్ను ఎవ్వలేమంటరు?"

"ఎవ్వలేమన్నరని కాదురా. పెండ్లయి వచ్చినప్పుడు మా అత్త పొయ్యి. ఆమె పోయినంక మీ బాపు ఏది అడిగితే గది వండుడు. ఆయన పోయినంక కోడండ్ల పొయ్యి. ఇయ్యాల రొట్టె తినబుద్ధయింది, రొట్టె చేసుకున్న. రేపు ఏం తినాలెనో రేపు చూసుకుంట. గింత సుఖం ఉంటదని నాకు ఇన్నేండ్లు ఎవ్వలు సెప్పలే."

అక్క నా వైపు చూసింది. అక్కకూ నాకూ ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మా ఇద్దరికీ ఆ ముసలమ్మ మీద అసూయే పుట్టింది, దాచడమెందుకు?

బావ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. హన్మాండ్లు చిన్నపిల్లాడిలా అడిగాడు.

"మరి మేం ఇగ రావొద్దా అవ్వా?"

"ఎందుకు రావొద్దు? సుట్టాల లెక్క రాండ్రి. కడుపునిండ పెడ్త."

అని లోపలి నుంచి పీటలు తెచ్చి వాల్చింది. అన్నదమ్ములిద్దరూ చెప్పులు గడప బయట విడిచి, కాళ్ళు కడుక్కొని, కొత్త ఇంటికి వచ్చినవాళ్ళలా కాస్త ముడుచుకొని కూర్చున్నారు.